రుజువు ఎంత ఉండాలె? – సివిలు కేసులూ, రైతు చేతి కాగితాలూ

నేను వ్యవసాయ డిప్లొమా చదివి హుస్నాబాద్ ప్రాంతంలో విస్తరణాధికారిగా పని చేస్తున్నవాణ్ణి. పురుగుల గురించీ ఎరువుల గురించీ చెప్పవలసినవాడు కోర్టు సంగతి ఎందుకు ఎత్తుకున్నాడని మీకు అనిపించవచ్చును. కారణం ఉన్నది. వానాకాలం మొదలై ఇరవై రోజులు గడిచేసరికి మా రైతువేదికకు వచ్చేవారిలో కొందరి మాట ఒకే తీరుగా ఉంటుంది. “మొలక రాలేదు సారూ. దుకాణపాయన్ని అడిగితే కోర్టుకు పో అంటున్నడు. కోర్టుకు పోతే రుజువు అడుగుతరు. ఇత్తనమంత భూమిల పోసిన, ఇంక నా దగ్గర ఏమున్నది చూపెట్టడానికి?” ఇట్లా అని, తువ్వాలు దులిపి భుజాన వేసుకొని వెళ్ళిపోతారు. ఎకరానికి పెట్టిన ఖర్చును అక్కడే వదులుకుంటారు.

ఈ మాటలో ఒక పొరపాటు అభిప్రాయం దాగి ఉన్నది. కోర్టు అనగానే మనకు ఖూనీ కేసులే మనసులో మెదులుతాయి. అనుమానానికి చోటు లేకుండా, కండ్లారా చూసిన సాక్షులతో నిరూపిస్తేనే గెలుస్తామని అనుకుంటాము. అది క్రిమినల్ కేసులకు ఉన్న కొలత. అక్కడ మనిషిని జైలుకు పంపవలసి ఉంటుంది, కనుక సహేతుకమైన సందేహం మిగిలిందంటే నిందితుణ్ణి విడిచిపెడతారు. భూమి, అప్పు, కౌలు, గెట్టు, పంట నష్టం – ఇవన్నీ సివిలు తగాదాలు. వీటికి కొలత వేరు. ఇద్దరు చెప్పినదీ విని, ఇద్దరు చూపినదీ చూసి, ఏది జరిగి ఉండడానికి ఎక్కువ అవకాశం ఉన్నదో జడ్జిగారు తేల్చుతారు. ఎటు మొగ్గితే అటు తీర్పు.

ఇది నా సొంత మాట కాదు. రుజువు అంటే ఏమిటో 1872 నాటి సాక్ష్య చట్టంలోనే వ్రాసి పెట్టినారు. 2024 జూలై 1 నుండి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చినది. రుజువుకు చెప్పిన అర్థం మాత్రం మారలేదు. దాని సారం ఇది: ఒక సంగతి ఉన్నదని కోర్టు నమ్మవలె, లేదా వివేకం గల మనిషి ఆ పరిస్థితులలో అది ఉన్నదనే అనుకొని పని నడిపేటంత సంభావ్యత కనిపించవలె. సివిలు వ్యవహారాలలో ఈ సంభావ్యతల మొగ్గే కొలత అని సుప్రీంకోర్టు 1975లో ఒక వివాహ వివాదంలో వివరంగా చెప్పినది.

వివేకం గల మనిషి అంటే ఎవరో అనుకోకండి. మృగశిర కార్తెలో రెండు వానలు పడినాక దుక్కిలో చేయి పెట్టి తేమ చూసి, మబ్బు చూసి, గాలి చూసి గింజ వేసే రైతు ఆ మనిషే. రేపు వాన తప్పక పడుతుందని ఆయనకు ఎవరూ కాగితం వ్రాసి ఇవ్వలేదు. పూర్తి నిశ్చయం కోసం కూర్చుంటే అదును దాటిపోతుంది. పడే అవకాశమే ఎక్కువ అని తూచుకొని విత్తుతాడు. జడ్జిగారు సివిలు కేసులో చేసే తూకం కూడా ఇంచుమించు ఇదే. వడ్ల విత్తనానికి నూటికి ఎనభై మొలవవలెనని ప్రమాణం పెట్టినారు. సివిలు కోర్టు అంత కూడా అడగదు. లెక్కకు చెప్పుకోవలెనంటే నూటికి ఏభైయొకటి చాలును. జడ్జిగారు గింజలు లెక్కబెట్టినట్లు లెక్కబెట్టరనుకోండి, మన మనసుకు అందడానికి చెప్తున్నాను. ఇంకొక సంగతి కూడా. అవతలివాడు దొంగ సంతకం పెట్టినాడు, మోసం చేసినాడు అని పెద్ద నింద వేస్తే, అదే కాంటా మీద తూచినా జడ్జిగారు మరింత నిదానంగా ముల్లును చూస్తారు. కోపంలో నోటికి వచ్చిన నింద అంతా దావాలో వ్రాయించుకోవద్దని వకీళ్ళు చెప్పేది ఇందుకే.

అయితే కాంటా మొగ్గాలంటే మన తట్టలో ఏదో ఒకటి పడవలె గదా. మొదటి గింజ ఎవరు వేయవలె? ఎవడు కోర్టుకు పోయి నాకిది రావలెనని అడుగుతాడో అతడే వేయవలె. అతడు తగినంత వేసిన తరువాత, కాదు అని చెప్పే భారం అవతలివాని మీద పడుతుంది. కొన్ని చోట్ల చట్టమే ఒక తట్టలో ముందుగా కొంత బరువు పెట్టి ఉంచుతుంది. అట్లాంటిదే ప్రామిసరీ నోటు. నోటు మీద మీ సంతకం గానీ వేలిముద్ర గానీ ఉన్నదని తేలితే, మీకు సొమ్ము ముట్టిందనే కోర్టు ముందు అనుకుంటుంది. ముట్టలేదని మీరు చూపించుకోవలె. అది కూడా అనుమానానికి చోటు లేకుండా చూపనక్కరలేదు, సంభావ్యత చూపితే చాలును. కాని చూపవలసినవారు మీరు. మందుల దుకాణంలో ఉద్దెరకు తెచ్చుకుంటూ ఖాళీ నోటు మీద ముద్ర వేసి ఇచ్చే అలవాటు మన దిక్కున ఇంకా ఉన్నది. అట్లా ఇచ్చిన స్టాంపు కాగితాన్ని నింపుకునే అధికారం కూడా ఇచ్చినట్లే చట్టం చూస్తుంది. అవతలి తట్టలో బరువు మన చేతితో మనమే పెట్టి రావడమన్న మాట.

సాహుకారి ఖాతాబుక్కు సంగతి దీనికి భిన్నము. క్రమంగా వ్రాసుకున్న లెక్కల పుస్తకాన్ని కోర్టు చూస్తుంది గాని, ఆ పుస్తకం ఒక్కదానితోనే ఎవరి నెత్తిన అప్పు పెట్టడానికి వీలులేదు. దానికి తోడు ఇంకేదైనా ఉండవలె. “సేటు బుక్కుల రాసి ఉన్నదట, ఇంక ఏం జేస్తం” అని భూమి అమ్మకానికి పెట్టేవారు ఈ సంగతి తెలుసుకొనవలె.

ఇక భూమి. ఇక్కడ మనవారు ఎక్కువగా మోసపోయేది మరొక నమ్మకం వలన. అవతలివాని కాగితం తప్పు అని చూపిస్తే భూమి మనకు వస్తుందనుకుంటారు. హక్కు ప్రకటించమని దావా వేసినవాడు తన హక్కు బలం మీద గెలవవలెగాని, ఎదుటివాని బలహీనత మీద గెలవలేడు. సికింద్రాబాద్ దగ్గర కాకాగూడ భూమి గురించి వాసవి కోఆపరేటివ్ హౌసింగ్ సొసైటీకీ కేంద్ర ప్రభుత్వానికీ నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2014 జనవరి 7న ఈ సూత్రం మీదనే తీర్పు చెప్పినది. సొసైటీవారు సేత్వార్, పహాణీల వంటి రెవెన్యూ రికార్డులు చూపినారు. కింది కోర్టులోనూ హైకోర్టులోనూ వారికి అనుకూలంగా వచ్చినది. పై కోర్టులో నిలువలేదు. రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన హక్కు పుట్టదని, మిలిటరీవారి రిజిస్టరులో లోపమున్నా లేకున్నా సొసైటీ తన హక్కును తాను నిరూపించుకొనవలసి ఉండెనని సుప్రీంకోర్టు అన్నది.

దీనిని విని పహాణీలు పనికిరావని చింపి పారవేయకండి! 1954-55 నాటి ఖాస్రా పహాణీ మొదలుకొని ఆ తరువాతి పహాణీలన్నీ తట్టలో వేసే గింజలే. ఎవరు సాగు చేసినారు, ఎవరి కబ్జాలో ఉన్నది అనే ప్రశ్నకు వాటికి మంచి బరువు ఉన్నది. హక్కు ఎట్లా వచ్చినదనే ప్రశ్నకు మాత్రం రిజిస్టరు దస్తావేజు, పంపకపు కాగితం, వారసత్వం వంటివి కావలె. ధరణి చట్టం 2020లో వచ్చినది, దాని స్థానంలో భూభారతి 2025లో వచ్చినది. రికార్డు పేరు మారినప్పుడల్లా పాత కాగితాలు చెత్త అనుకొని పొయ్యిలో పెట్టిన ఇండ్లు కూడా నాకు తెలుసు. మా హుస్నాబాదే 2016 అక్టోబరు 11న కరీంనగర్ జిల్లా నుండి విడిపోయి సిద్దిపేట జిల్లాలో కలిసినది. జిల్లా పేరు మారినంత మాత్రాన మీ తాత పేరిట ఉన్న నకలు విలువ తగ్గలేదు.

మనకు ఇంకా దగ్గరి కేసు ఒకటి చెప్తాను. వరంగల్ మట్టెవాడలో ఒక ఇంటి స్థలం. అన్న 1961లో చెల్లెలికి పసుపు కుంకుమ కింద నోటిమాటతో ఇచ్చినాడన్నారు. ఆమె 1968లో ఆ స్థలాన్ని రెండు భాగాలుగా ఇద్దరికి రిజిస్టరు చేసి అమ్మినది. 1977లో అన్న అదే స్థలాన్ని మరొకరికి రిజిస్టరు చేసినాడు. మొదట కొన్నవారు 1978లో వరంగల్ మున్సిఫ్ కోర్టుకు పోయి, మా కబ్జాలో జోక్యం చేసుకోవద్దని ఆర్డరు ఇప్పించండి అని మాత్రం అడిగినారు. హక్కు మాది అని ప్రకటించమని అడగలేదు. ఒక కోర్టులో గెలిచినారు, ఒక కోర్టులో ఓడినారు, హైకోర్టులో మళ్ళీ గెలిచినారు. చివరకు 2008 మార్చి 25న సుప్రీంకోర్టు వారి దావా కొట్టివేసినది. ఖాళీ స్థలం గనుక హక్కు ఎవరిదో తేలితేగాని కబ్జా ఎవరిదో తేలదు. ఆ హక్కు నోటిమాట మీద ఆనుకొని ఉన్నది. స్థిరాస్తి దానానికి చట్టం రిజిస్టరు పత్రం అడుగుతుంది. ఇంత చిక్కు ఉన్నప్పుడు హక్కు ప్రకటన కోసమే దావా వేయవలసి ఉండెనని అన్నారు. 1978 నుండి 2008 వరకు ముప్ఫై ఏండ్లు! మన ఇండ్లలో ఎంతమంది ఆడబిడ్డలకు పసుపు కుంకుమ కింద ఎకరమో అరెకరమో నోటిమాట మీద ఇచ్చి ఉన్నారో మీరే లెక్క వేసుకోండి. ఇచ్చిన అన్నదమ్ములు బ్రతికి ఉండగా, మనసులు మంచిగ ఉండగా రిజిస్టరు చేయించితే ఒక పూట పని.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న విత్తనం సంగతికి వస్తాను.

రైతు పోస్తే విత్తనమంతా పోస్తాడు. పరీక్షకు పంపడానికి గింజ మిగలదు. వినియోగదారుల చట్టంలో, వస్తువు లోపం పరీక్ష చేస్తేగాని తెలియనప్పుడు దానిని ల్యాబుకు పంపవలెనని ఉన్నది. ఈ నియమం పట్టుకొని విత్తన కంపెనీలు చాలా కాలం వాదించినవి: శాంపిలు ఏదీ, ల్యాబు రిపోర్టు ఏదీ, లేకుంటే కేసు కొట్టివేయండి అని. మన రైతులే ఈ వాదాన్ని సుప్రీంకోర్టు దాకా ఎదుర్కొన్నారు. ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులో మహారాష్ట్ర హైబ్రిడ్ సీడ్స్ కంపెనీ మీద 1998లో ఒక తీర్పు వచ్చినది. పొలం చూసిన వ్యవసాయాధికారి ఇచ్చిన ధ్రువపత్రాన్ని కోర్టు ఆధారంగా తీసుకున్నది. తరువాత నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012 జనవరి 16న వచ్చిన తీర్పు ఇంకా స్పష్టమైనది. అది కూడా ఆంధ్రప్రదేశ్ రైతులదే. పంట కోసం కొన్న విత్తనంలో కొంత దాచి, రేపు కేసు వేయవలసి వస్తుందేమోనని రైతు ఎదురుచూస్తాడని ఎవరూ అనుకోలేరని, శాంపిలు తెమ్మని రైతును పట్టుబట్టరాదని కోర్టు అన్నది. కంపెనీ వద్ద ఆ రకం విత్తనం ఉంటుంది, కావలెనంటే తామే పరీక్ష చేయించమని అడిగి ఉండవచ్చును గదా అని కూడా అన్నది. 1968 విత్తన నియమాల ప్రకారం, అమ్మినవారు ప్రతి లాటు రికార్డు మూడేండ్లు ఉంచవలె. శాంపిలును మాత్రం ఆ లాటంతా అమ్ముడుపోయిన ఏడాది తరువాత తీసివేయవచ్చును. అంటే ఆ గింజ ఉండవలసిన చోటు రైతు గుమ్మి కాదు, అమ్మినవాని గోదాము.

గింజ లేకుండా ఎట్లా గెలిచినారు మరి? పొలాన్నే చూపి గెలిచినారు. అధికారి వెళ్ళి చూసి వ్రాసిన రిపోర్టు, కొన్న బిల్లు, సంచీ మీది లేబులు – ఇవి తట్టలో పడినవి. అవతలి తట్టలో “రైతు సరిగా సాగు చేయలేదు” అనే మాట తప్ప దానికి ఆధారం పడలేదు. కాంటా మొగ్గినది.

ఇంకొక వైపు కూడా చెప్పకపోతే మీకు సగం సంగతి చెప్పినట్లవుతుంది. 2005లో హర్యానా విత్తనాభివృద్ధి సంస్థ కేసులో రైతులు ఓడిపోయినారు. అక్కడ కూడా నిపుణులు పొలం చూసినారు. కాని పంటలో కనిపించిన తేడా విత్తనం వల్లనే వచ్చినదని వారు వ్రాయలేదు. తేడాకు వేరే కారణాలు కూడా ఉండవచ్చునని కోర్టు అన్నది. పంట చెడిపోయినదనడం ఒకటి, విత్తనం వల్ల చెడిపోయినదనడం ఇంకొకటి. మొదటిది ఎవరి కంటికైనా కనబడుతుంది. రెండవదే తట్టలో బరువు.

ఈ రెండవది ఎట్లా తేలుతుందో మీకు తెలియని సంగతి కాదు. చెల్కలో పత్తి పెట్టినారు, మొలక పలుచగా వచ్చినది అనుకోండి. పొడి దుక్కిలో పెట్టినారా, లోతుగా పడినదా, పెట్టిన తరువాత వారం దాకా చినుకు లేదా – ముందు అడిగే ప్రశ్నలు ఇవి. గెట్టు అవతలి పాలాయన అదే రోజు, అదే వానకు వేరే విత్తనం పెట్టినాడు, అతనికి నిండుగా మొలిచినది. మూడు చేన్ల అవతల ఇంకొకాయన మీరు తెచ్చిన లాటే తెచ్చినాడు, అతనికీ పలుచగానే వచ్చినది. ఇప్పుడు వాన మీద నింద నిలువదు, భూమి మీద నిలువదు, లోతు మీద నిలువదు. మిగిలినది ఆ లాటే. ఇందులో ల్యాబు ఏదీ లేదు, కండ్లారా చూసిన దోషమూ లేదు. అయినా ముల్లు ఎటు పోతున్నదో చిన్నపిల్లవానికైనా కనిపిస్తుంది. అందుచేత మీ ఫిర్యాదులో మీ పొలం సంగతి ఒక్కటే వ్రాయకండి, పక్క పొలాల సంగతి కూడా వ్రాయండి. మా వ్యవసాయాధికారులు చూడవచ్చినప్పుడు ఆ పొలాలకు కూడా తీసుకొనిపోండి. నిజానికి మా శాఖవారం కూడా కొన్నిసార్లు “మొలక శాతం తక్కువగా ఉన్నది” అని ఒక్క ముక్క వ్రాసి సంతకం పెడుతుంటాము. అంతటితో సరిపోదు. కారణం ఏమిటి, ఏ కారణాలు కావు అని వ్రాయించుకొనండి. అడగడానికి మొహమాటపడకండి, అది మీ హక్కు.

విత్తన నియమాలలో 23-ఏ అని ఒక నియమం ఉన్నది. ప్రకటించిన రకం విత్తనం లోపం వలన పంట పోయినదని రైతు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే, విత్తన ఇన్‌స్పెక్టరు లేబుళ్ళు, సంచీలు, మిగిలిన గింజలుంటే అవి స్వాధీనం చేసుకొని, ఆ లాటు శాంపిలును పరీక్షకు పంపి, కారణం విచారించవలె. వ్రాతపూర్వకంగా అనే మాటను మనసులో పెట్టుకోండి. ఫోనులో చెప్పినది, దారిలో కలిసినప్పుడు చెప్పినది తట్టలో పడదు. ఆ విచారణ మీద కంపెనీపై క్రిమినల్ కేసు పెట్టినా, అది ఒకవేళ సందేహం మిగిలి కొట్టుకొనిపోయినా, మీ నష్టపరిహారం కేసు దానితో పాటు పోదు. దాని కాంటా వేరు.

ఇక్కడ ఒక బాధ ఉన్నది, దానిని నేను దాచను. అదును ఆగదు. అధికారి వచ్చేదాకా చేను అట్లాగే ఉంచితే రెండవ విత్తనానికి తేమ పోతుంది. దున్నితే రుజువు మట్టిలో కలుస్తుంది. పిల్లల నోటికి అన్నం కావలసినవాడు కేసు కోసం చేను బీడు పెట్టుకోలేడు. నేను చెప్పేది ఇది: చేనులో ఒక మూలన పది సాళ్ళు విడిచి మిగిలినది దున్నుకోండి. దున్నే ముందు ఊరి పెద్దమనుషులు ఇద్దరిని, ఆ లాటు తెచ్చిన ఇంకొక రైతును పిలిచి చూపండి. సంచీ, లేబులు చేనులో పెట్టి, తేదీ కనబడేటట్లు సెల్‌ఫోనులో ఫోటోలు తీయించండి. పది అడుగుల సాళ్ళు నాలుగు చోట్ల కొలిచి, ఎన్ని గింజలు పెట్టినారో, ఎన్ని మొలిచినవో వ్రాసి, చూసినవారి సంతకాలు తీసుకొనండి. కంపెనీకీ దుకాణానికీ అదే రోజు స్పీడ్ పోస్టులో ఉత్తరం వేయండి. వారు వచ్చి చూడలేదంటే అది కూడా మీ తట్టలోనే పడుతుంది.

విత్తడానికి ముందు చేయగలిగినది ఇంకా తేలిక. నూరు గింజలు లెక్కబెట్టి తడి గోనెసంచిలో చుట్టి మొలక చూడమని మేము ఏటా చెప్తూనే ఉంటాము. ఇక నుండి ఇంకొక పిడికెడు గింజలు అదే సంచీలో లేబులుతో కట్టి, అటక మీద పెట్టండి. శాంపిలు లేదని కేసు పోదని ఇప్పుడే చెప్పినాను. ఉంటే మటుకు ఎవరూ నోరు ఎత్తలేరు. బిల్లు లేకుండా, గడ్డిమందు తట్టుకుంటుందని చెప్పి సంచులలో విడిగా అమ్మే అనుమతి లేని పత్తి గింజలు కొన్నవారికి మాత్రం నేను ఏ ధైర్యమూ చెప్పలేను. వారి తట్టలో వేయడానికి లేబులు లేదు, బిల్లు లేదు, అమ్మినవాని పేరు కూడా లేదు.

నష్టం ఎంత అనేది కూడా నిరూపించవలసినదే. కేసు గెలిచి కూడా కొద్ది సొమ్ముతో తిరిగి వచ్చేది ఇక్కడే. నిరుడు, అంతకు ముందు ఏడు అదే చేనులో ఎన్ని క్వింటాళ్ళు పండినవి? మార్కెట్ యార్డులో ఇచ్చిన తక్‌పట్టీలు ఉంటే చెప్పగలరు. వాటిని జేబులో నలిపి పారవేస్తే మీ మాట ఒక్కటే మిగులుతుంది. దున్నకం, కైకిలి, ఎరువు – ఎప్పటిదప్పుడు పిల్లల నోటుబుక్కులో తేదీ వేసి వ్రాయించి పెట్టండి. కేసు వచ్చిన తరువాత ఒకే కూర్పున, ఒకే సిరాతో వ్రాసిన లెక్కను జడ్జిగారు చూడగానే పోల్చుకుంటారు.

గడువులు మరవకండి. వినియోగదారుల కమిషన్‌లో కేసుకు రెండేండ్లు. అప్పు సొమ్ము దావాకు సాధారణంగా మూడేండ్లు. కొన్న వస్తువుకు చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు కోర్టు ఆవరణలోని న్యాయ సేవా కమిటీని అడగవలె. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెప్తారు.

ఫిర్యాదు వ్రాయడం రానివారు రైతువేదికకు రండి. బిల్లు, లేబులు, సర్వే నంబరు, విత్తిన తేదీ, ఆ తరువాత వాన పడిన తేదీలు వెంట తెచ్చుకొనండి. అక్కడే కూర్చుండి వ్రాసి, మీకు చదివి వినిపించి, రెండవ ప్రతి మీద అందినట్లు ముద్ర వేసి ఇస్తాము. ఆ రెండవ ప్రతిని మీ దగ్గర పెట్టుకొనండి.